మూడు కూతల సినిమా

ఆ డయాలసిస్ గదిలో ప్రేమ సినిమాలు ఆడవు. ఎవరూ నిషేధించలేదు, వాటంతట అవే ఆడటం మానేశాయి. ఒకసారి ఎవరో మంచి పేరున్న ప్రేమకథ ఒకటి పెన్‌డ్రైవ్‌లో తెచ్చి పెట్టారు. రెండున్నర గంటలు నానా కష్టాలూ పడి, చివర్లో నాయికా నాయకులు విడిపోయారు. తెర మీద వాన, వయొలిన్లు. గదిలో మాత్రం ఒక్క కన్నూ చెమర్చలేదు. మూల మంచం మీది లెక్కల మాస్టారు కళ్ళజోడు సర్దుకుని, “విడిపోతే విడిపోయారు, ఇద్దరి కిడ్నీలూ బాగానే ఉన్నాయి కదా,” అన్నారు. మిగతావాళ్ళు తలలూపారు. ప్రేమకథల మీద ఆ గది తీర్పు ఆ పూటతో అయిపోయింది.

అలాగని వాళ్ళు ఏడవరని కాదు. ఏడవడమంటే వాళ్ళకి ప్రాణం. వారానికి మూడు రోజులు, పొద్దుటి పూట నాలుగేసి గంటలు ఒక చెయ్యి మిషన్‌కి అప్పగించి పడుకునేవాళ్ళకి వేరే పనేముంటుంది? రక్తం గొట్టాల్లోంచి బయటికి వెళ్ళి, శుభ్రపడి, తిరిగి ఒంట్లోకి వస్తూ ఉంటుంది. అది అంత దూరం తిరిగొస్తున్నా మనిషి మాత్రం పక్కకి ఒత్తిగిలడానికి కూడా వీల్లేదు. ఎదురుగా గోడ మీద ఒక టీవీ. దాని రిమోట్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదే రాజ్యం. ఆ రాజ్యం కొన్నేళ్ళుగా సినిమా అత్తయ్యది.

సినిమా అత్తయ్య అన్నది ఆ గదిని నడిపే పెద్ద సిస్టర్ పెట్టిన పేరు. ఊరికే పెట్టలేదు. అత్తయ్య వయసులో ఉన్నప్పటి నుంచీ జుట్టు నెరిసేదాకా ఒక సినిమా హాల్లో టికెట్ల కిటికీ వెనక కూర్చుంది. ఒక మనిషి, ఒక కుర్చీ, ఒక చిన్న ఫ్యాను పట్టే గది. చెయ్యి దూరేంత కన్నం. ఆ కన్నంలోంచి ఊరందరినీ చూసింది కానీ, సినిమాలు మాత్రం అంతగా చూడలేదు. లోపల ఆట నడుస్తుంటే బయట తర్వాతి ఆట జనం వరస కట్టేసేవారు. అందుకని ఆవిడ సినిమాని తెర మీద కాదు, చూసొచ్చినవాళ్ళ మొహాల మీద చూడటం నేర్చుకుంది. గడప దాటేలోపే కళ్ళు తుడుచుకుని కబుర్లలో పడ్డవాళ్ళు నిజంగా ఏడ్చినవాళ్ళు కారని ఆవిడ లెక్క. సైకిల్ దాకా వెళ్ళి, తాళంచెవి తీసి, అది ఎందుకు తీశారో మరచిపోయి నిలబడ్డవాళ్ళే ఏడ్చినవాళ్ళు. అలా కనీసం నలుగురైనా నిలబడితే అది మంచి సినిమా.

ఆ జ్ఞానాన్ని తన దగ్గరే దాచుకుంటే హాలు మేనేజరు సంతోషించేవాడు. ఆవిడ దాచుకోలేదు. చంటిపిల్లని ఎత్తుకుని వచ్చిన తల్లిని, “ఇది మీకొద్దమ్మా, ఇందులో పసిబిడ్డకి జ్వరం వస్తుంది,” అని వెనక్కి పంపేసేది. తండ్రి పోయి నెల తిరగనివాడికి తండ్రి పాత్ర ఎప్పుడు పోతుందో ముందే చెప్పి, అప్పుడు లేచి టీకి వెళ్ళి రమ్మనేది. టికెట్లు అమ్మడానికి పెట్టామా, మానిపించడానికా అని మేనేజరు మొత్తుకునేవాడు. ఆవిడ ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసేది. విచిత్రమేమిటంటే దానివల్ల జనం పెరిగారు. ఇంట్లో దుఃఖం ఉన్నవాళ్ళు ముందు ఆవిడని అడిగి, ఆ తర్వాత హాల్లోకి వెళ్ళేవారు. హాలు మూతపడి సోఫాల దుకాణం అయ్యేదాకా ఆ వైద్యం అలాగే సాగింది.

భర్త, కూతురికి నడక రాకముందే పోయాడు. పిల్ల ఆ టికెట్ల గదిలోనే, బల్ల కింద పెరిగింది. పిల్లకి ఇవ్వడంలో అత్తయ్యది అందెవేసిన చెయ్యి. ఇంట్లో ఒక్క పండు ఉంటే అది కూతురిది. రెండుంటే రెండూ కూతురివే. తనకి పళ్ళు పడవని చెప్పేది. ఆ అబద్ధం ఎన్నాళ్ళు చెప్పిందంటే, చివరికి నిజంగానే పడకుండా పోయాయి. కిడ్నీలు చెడ్డాక పళ్ళు మానేయాలని డాక్టరు చెప్పినప్పుడు, గది మొత్తంలో ఇబ్బంది పడని మనిషి ఈవిడ ఒక్కతే.

ఇక ఆ గదిలో సినిమాలకి మార్కులు వేసే పద్ధతి ఒకటుంది, అది ఇంకెక్కడా ఉండదు. ఏడుపు పైపైన వస్తే కళ్ళు తడుస్తాయి, అంతే. లోపల్నించి వస్తే భుజం అదురుతుంది. భుజం అదిరితే సూదులున్న చెయ్యి కదులుతుంది. చెయ్యి కదిలితే మిషన్ కూస్తుంది. ఒక మిషన్ కూస్తే ఒక కూత సినిమా, ఫరవాలేదు. రెండు మిషన్లు కూస్తే చుట్టాలకి కూడా చెప్పవచ్చు. మూడు కూస్తే ఆ సినిమా పేరు ఆ గదిలో గౌరవంగా పలుకుతారు. కూత వినపడగానే పెద్ద సిస్టర్ పక్క గదిలోంచి చెప్పులు టపటపలాడిస్తూ వచ్చి, “సినిమాయేనా?” అని అడిగేది. “సినిమాయే,” అని గది మొత్తం జవాబు చెప్పేది. ఆవిడ బొత్తాం నొక్కి, చెయ్యి సర్ది, వెళ్ళిపోయేది.

అత్తయ్యకి కొన్ని నియమాలున్నాయి. ఆస్పత్రి సినిమాలు పనికిరావు, జబ్బుతో పోవడం అక్కడివాళ్ళకి వార్త గానీ కథ కాదు. ఏడుపు ఒంటి చేత్తో తుడుచుకోగలిగినంతే ఉండాలి, రెండో చెయ్యి ఖాళీ ఉండదు కదా. అన్నిటికన్నా ముఖ్యం, ఎవరికి ఏది సరిపడుతుందో చూసి పెట్టాలి. మాస్టారికి ముసలి కాపలాదారుల సినిమాలు, చిన్న బళ్ళు మూతపడే సినిమాలు పనిచేస్తాయి. పక్క మంచం ఫొటో స్టూడియో ఆయనకి అన్నదమ్ముల సినిమా పెట్టకూడదు, తమ్ముడితో మాటల్లేవు కాబట్టి ఏడుపుకి బదులు బీపీ వస్తుంది. ఆయనకి తాతా మనవళ్ళే మందు.

తనకి మాత్రం తల్లుల సినిమాలు. బట్టలుతికి కొడుకుని చదివించిన తల్లి, తన పిల్ల బతకాలని తనే తప్పుకున్న తల్లి, మెతుకు ముట్టకుండా తిన్నానని చెప్పిన తల్లి. తెర మీద ఎవరైనా పిల్లల పళ్ళెంలోకి తన వాటా తోస్తే చాలు, అత్తయ్య మిషన్ కూసేది.

కూతురు ఇప్పుడు డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతుంది. పక్క సీట్లో కూర్చుని, తన కాలి కింద కూడా ఒక బ్రేకు పెట్టుకుని, ఎదురుగా లారీ వస్తున్నా గొంతు పెంచకుండా “కొంచెం ఎడమకి” అనగల మనిషి. తల్లి సినిమాలంటే ఆవిడకి పడదు. తన దగ్గర నేర్చుకునేవాళ్ళు రోజూ బోలెడంత ఏడిపిస్తున్నారు, మళ్ళీ టికెట్ ఎందుకంటుంది.

ఈ ఇద్దరి మధ్యా ఏడాదిగా ఒక మాట నలుగుతోంది. అత్తయ్య చెయ్యి అలిసిపోయింది. సూదులు గుచ్చడానికి ఆ చేతిలో రక్తనాళాలు కలిపి కుట్టిన చోటు ఒకటుంటుంది. దాని మీద వేలు పెడితే లోపల తుమ్మెద తిరుగుతున్నట్టు సన్నని అదురు తెలుస్తుంది. ఆ అదురు ఉన్నంతకాలమే మిషన్, మిషన్ ఉన్నంతకాలమే మనిషి. ఇప్పటికే రెండుసార్లు బాగుచేశారు. రెండో చెయ్యి మొదటే పనికిరాదన్నారు. ఇది కూడా పోతే ఆ తర్వాత చెప్పలేమని డాక్టరు చెప్పాడు. కూతురు మారు మాట్లాడకుండా వెళ్ళి పరీక్షలు చేయించుకుంది. అన్నీ కుదిరాయి. కిడ్నీ ఇస్తానంది.

అత్తయ్య వద్దంది. అల్లుడు కూడా సరేనన్నాడని చెబితే, తన కిడ్నీ కాదు కనుక సరే అంటాడంది. ఒక కిడ్నీతో మనిషి నిక్షేపంగా బతుకుతాడని డాక్టరు బొమ్మ గీసి చూపిస్తే, బొమ్మ బాగుందని మెచ్చుకుని, వద్దంది. ఎందుకని ఎవరైనా గట్టిగా అడిగితే ఒకటే మాట: “నేను కన్నది ఇవ్వడానికి, వెనక్కి తీసుకోవడానికి కాదు.” ఆ మాటకి గదిలో అందరూ చలించిపోయారు. మంచి డైలాగ్ ఎక్కడున్నా వాళ్ళకి తెలుస్తుంది. కూతురు మాత్రం చలించలేదు.

ఒక రోజు పొద్దున్న కూతురి దగ్గర నేర్చుకునే ఆవిడ గేటుని గుద్దేసి క్లాసు మానేసింది. కాళ్ళకి పని లేక కూతురు వచ్చి తల్లి మంచం పక్క స్టూలు మీద కూర్చుంది. అత్తయ్య ఆ రోజు పెట్టింది తనకున్నవాటిలోకెల్లా పెద్ద సినిమా. ఉప్పు మళ్ళలో పనిచేసే తల్లికి చూపు పోతూ ఉంటుంది. కొడుకు తన పడవ అమ్మేసి ఆపరేషన్‌కి ఏర్పాటు చేస్తాడు. తల్లి ఆపరేషన్ మానేసి, కొడుక్కి చెప్పకుండా ఆ పడవనే తిరిగి కొనేస్తుంది. ఆఖర్న ఒడ్డున నిలబడి, వెళ్ళిపోతున్న పడవకి చెయ్యి ఊపుతుంది. చూపు లేదు కాబట్టి తప్పు దిక్కుకి ఊపుతుంది. రాయి కూడా ఏడవాల్సిన చోటది.

పడవ అమ్మేసరికే మాస్టారి మిషన్ కూసింది. తిరిగి కొనేసరికి ఫొటో స్టూడియో ఆయనది. తర్వాత అత్తయ్యది. సిస్టర్ వచ్చి, “సినిమాయేనా?” అంది. “సినిమాయే,” అన్నారు మాస్టారు, ముక్కు చీదుకుంటూ. సిస్టర్ బొత్తాం నొక్కి వెళ్ళింది. అత్తయ్యది మళ్ళీ కూసింది. మళ్ళీ నొక్కింది. మూడోసారి కూసేసరికి సిస్టర్ కూడా నవ్వి, ఇవాళ అత్తయ్య తన రికార్డు తనే కొట్టేస్తోందంది. గది ఆ మాటకి సంతోషించింది.

“సిస్టర్,” అంది కూతురు, గొంతు పెంచకుండా. “అమ్మ ఏడవడం లేదు.”

సిస్టర్ అప్పుడు చూసింది. అత్తయ్య కళ్ళు పొడిగా ఉన్నాయి. పెదవులు మాత్రం పాలిపోయాయి. సిస్టర్ ఆవిడ చేతి మీద వేలు పెట్టింది, కొంచెం జరిపి మళ్ళీ పెట్టింది, ఇంకొంచెం జరిపింది. అదురు ఎక్కడా లేదు. ఆ తర్వాత ఆవిడ ఎవరినీ ఏమీ అడగలేదు. మిషన్ ఆగింది, చక్రాల మంచం వచ్చింది, అత్తయ్యని తీసుకెళ్ళిపోయారు. టీవీ ఆపాలని ఎవరికీ తోచలేదు. సినిమాలో తల్లి తప్పు దిక్కుకి చెయ్యి ఊపుతుంటే చూసినవాళ్ళు లేరు.

చెయ్యి బరువెక్కిన సంగతి అత్తయ్యకి ముందే తెలుసు. మంచి ఘట్టం మధ్యలో చెప్పడం మర్యాద కాదని ఊరుకుంది. ఏడవకపోవడానికి కారణం మాత్రం చెయ్యి కాదు. ఆ రోజు ఆవిడ తెర వైపు చూడనే లేదు. పాత అలవాటు కొద్దీ చూసేవాళ్ళ మొహం చూసింది, అది కూతురి మొహం. అందులో ఏడుపు లేదు. కోపం ఉంది. తెర మీది తల్లి మీద, ఎదురుగా ఉన్న మనిషిని తిట్టినట్టే, పళ్ళు బిగబట్టిన కోపం. ఇన్నేళ్ళలో ఒక తల్లి సినిమా చూసి అలాంటి మొహంతో బయటికి వచ్చిన వాళ్ళని అత్తయ్య ఎరగదు.

చెయ్యి దక్కలేదు. మెడ పక్కన ఒక గొట్టం పెట్టి, దానికే మిషన్ తగిలించారు. అది అద్దె ఇల్లు లాంటిదని, ఎప్పుడు ఖాళీ చేయమంటుందో తెలియదని డాక్టరు చెప్పాడు. ఇంకో చోటు చూసుకోమని కూతురి వైపు చూస్తూ చెప్పాడు. మళ్ళీ గదికి వచ్చిన రోజు అత్తయ్య రెండు చేతులూ ఖాళీగా దుప్పటి మీద ఉన్నాయి. కళ్ళు తుడుచుకోవడానికి ఇప్పుడు ఎంత వీలో అని ఫొటో స్టూడియో ఆయన అనబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు. మాస్టారు రిమోట్ చేతికివ్వబోతే, మీరే ఏదైనా పెట్టుకోండి అంది. మాస్టారికి ఏం పెట్టాలో తోచక వంట గిన్నెల ప్రకటనలు పెట్టారు.

కూతురు పదకొండు గంటలకి వచ్చింది. స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది.

“అమ్మా, నాకొక సినిమా చెప్పు.”

పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల అడగని మాట అది. అత్తయ్య మొహం వెలిగింది. ఎలాంటిది కావాలంది.

“ప్రేమ సినిమా వద్దు. తల్లీ పిల్లలది. పిల్లలు ఏదో ఇస్తారు, తల్లి తీసుకుంటుంది. అలాంటిది.”

ఓస్, అదెంత, బోలెడున్నాయంది అత్తయ్య. అని, ఆలోచించింది. కూతురు జడ అమ్ముకుని మందు తెచ్చిన సినిమా గుర్తొచ్చింది, కానీ అందులో మందు వచ్చేసరికి తల్లి పోతుంది. కొడుకు ఇల్లు కట్టించిన సినిమా ఉంది, గృహప్రవేశం కాకుండానే తల్లి ఆ ఇల్లు చిన్నకొడుక్కి రాసేస్తుంది. గదిలో అందరూ తలా ఒకటి వెతకడం మొదలుపెట్టారు. మాస్టారు నాలుగు చెప్పారు, నాలుగింటిలోనూ తల్లులు వద్దన్నారు. ఇన్ని సినిమాల్లో లెక్క ప్రకారం ఒక్కటైనా ఉండి తీరాలని ఆయన పట్టుబట్టారు. ఫొటో స్టూడియో ఆయన ఒక్కసారిగా లేవబోయి, మిషన్ గుర్తొచ్చి పడుకుని, ఒకటుందన్నాడు, కూతురు అల్లి తెచ్చిన శాలువా తల్లికి కప్పుతారన్నాడు. అందరూ ఆయన వైపు ఆశగా తిరిగారు. అయితే తల్లి అప్పటికే పోయిందని ఆయనే కాసేపటికి ఒప్పుకున్నాడు.

వెతకడం అక్కడితో అయిపోయింది. టీవీలో ఒక గిన్నెకి మూత ఉచితమంటున్నారు.

“తీసుకుంటే ఇంక సినిమా ఏముంటుందే?” అంది అత్తయ్య చివరికి, కొంచెం ఉక్రోషంగా. “ఇలా తే అని తల్లి చెయ్యి చాపితే జనం ఎందుకేడుస్తారు? లేచి ఇంటికి పోతారు.”

“నాకు కావలసింది అదే,” అంది కూతురు. “లేచి ఇంటికి పోవడం. నువ్వూ నేనూ.”

అత్తయ్య దుప్పటి అంచు సర్దుకుంది.

“నువ్వు పోతే అందరూ, ఏం తల్లిరా, కూతురి ఒంట్లోంచి గోరంత కూడా తీసుకోలేదు అంటారు. బాగా ఏడుస్తారు. నేను మాత్రం ఏడవను. నాకు నీ మీద కోపం వస్తుంది. ఆ కోపంతో ఎన్నేళ్ళు బతకాలి, చెప్పు.”

ఇంత మాట ఆ పిల్ల ఎప్పుడూ అనలేదు. అన్నాక కూడా గొంతు పెరగలేదు, మొహం ఎర్రబడింది, అంతే. మాస్టారు మర్యాద కోసం టీవీ వాల్యూమ్ పెంచారు. కానీ చెవులు ఇటే ఉన్నాయి, అందరివీ.

అత్తయ్యకి భయం వేసింది. చావంటే కాదు, దానితో వారానికి మూడు రోజులు ముఖాముఖి కూర్చుంటూనే ఉంది. కూతురికి ఏమైనా అవుతుందన్న భయం ఒకటి, అది ఎప్పుడూ ఉన్నదే. దాని అడుగున ఇంకొకటి ఉంది, అది ఇప్పుడు తెలిసింది. ఇచ్చేవాళ్ళలా బతకడం తప్ప ఆవిడకి ఇంకో బతుకు తెలియదు. పిల్ల ముందు చెయ్యి చాపితే తను ఏమవుతుందో, ఎవరవుతుందో తెలియదు. పెద్ద మనసు అనుకున్నదానిలో సగం ఈ భయమేనని తెలిసి ఆవిడకి సిగ్గేసింది.

“నాకు తీసుకోవడం చేతకాదే,” అంది.

“తెలుసు,” అంది కూతురు.

అత్తయ్య అడిగింది. “నిన్ను ఎక్కడ కోస్తారు?”

కూతురు తల్లి చెయ్యి పట్టుకుని తన ఎడమ పక్కన, డొక్క కింద పెట్టుకుంది. పని దుస్తుల బట్ట ముతకగా ఉంది, దాని కింద ఒళ్ళు వెచ్చగా ఉంది. అత్తయ్య చెయ్యి అక్కడే ఉంచింది. ఆ పక్క ఆవిడకి బాగా తెలిసినదే, వేలు తగిలితే చాలు మెలికలు తిరిగిపోయే పిల్ల. ఇప్పుడు కదలకుండా కూర్చుంది.

“నొప్పెడుతుందేమోనే.”

“పెడుతుంది. కొన్నాళ్ళు పెడుతుంది.”

వద్దు అనే మాట అత్తయ్య నోటి దాకా వచ్చింది. అలవాటైన మాట, ఎంత సుఖంగా వస్తుందో ఆవిడకే తెలుసు. దాన్ని మింగింది. మింగాక మిగిలిన మాట రెండోసారి అంటే గానీ బయటికి రాలేదు.

“ఇయ్యి,” అంది. “తీసుకుంటాను.”

పక్కింటికి మొదటిసారి పంచదార అడగడానికి వెళ్ళిన మనిషిలా తల వంచుకుని అంది. అప్పుడు ఏడ్చింది కూతురు.